తొమ్మిది సీట్ల పెద్దమ్మ

ఒక నాటకాన్ని ఒక సీట్లో కూర్చుని చూడటం పెద్దమ్మకు చేతకాదు. కనీసం తొమ్మిది కావాలి. టికెట్టు మాత్రం ఒక్కటే కొంటుంది.

ఈ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు ఆమె చెల్లెలి కొడుకు. కాలేజీ మధ్యలో వదిలేసి, నాలుగు ఉద్యోగాలు మానేసి, ఇప్పుడు ఒక నాటకశాలలో టార్చిలైటు పట్టుకుని జనాన్ని సీట్లలో కూర్చోబెట్టే పని చేస్తున్నాడు. ఇంటా బయటా అందరూ అతన్ని టార్చి అనే పిలుస్తారు.

ఆదివారం మూడు గంటల ఆటకి టార్చి పెద్దమ్మను తీసుకెళ్ళి మూడో వరస పద్నాలుగో సీట్లో కూర్చోబెడతాడు. తెర లేస్తుంది. వేదిక ముందు వాద్యగాళ్ళు కూర్చునే గుంటలోంచి వయొలిన్లు అందుకుంటాయి. మొదటి పాట అయ్యాక రంగం మార్చడానికి దీపాలు ఆర్పుతారు. మళ్ళీ వెలిగేసరికి పద్నాలుగో సీటు ఖాళీ. పెద్దమ్మ ఎనిమిదో వరస చివర ఉంటుంది. మూడో పాటకి ఎడమ గోడ పక్కన. యుగళగీతానికి బాల్కనీలో. అరవై మూడేళ్ళ మనిషి, రెండు మోకాళ్ళూ నొప్పులే, ఆ చీకట్లో ఇరవై రెండు మెట్లు ఎప్పుడెక్కిందో ఎవరికీ తెలియదు.

ఊరికే మారినా సరిపెట్టుకోవచ్చు. ఆమె సంచిలో ఒక ఎర్ర శాలువా, ఒక ఉన్ని టోపీ, ఒక పచ్చ స్వెట్టరు ఉంటాయి. సీటు మారినప్పుడల్లా వాటిలో ఒకటి తగిలిస్తుంది. ఎందుకని అడిగితే, "ఒక్కో మూల ఒక్కో చలిరా" అంటుంది.

పెద్దమ్మ ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయింది. నిలబడి నిలబడి ఆ కాళ్ళకి ఒకచోట ఆగే అలవాటు పోయిందని ఇంట్లోవాళ్ళు తేల్చేశారు. టార్చికి ఆ మాట మీద నమ్మకం లేదు. ఇంట్లో ఆమె కుర్చీలో కూలబడిందంటే తలుపు గంట మోగినా లేవదు. "ఎవరొచ్చారో చూడు!" అని బయట ఉన్నవాళ్ళకే కేకేస్తుంది. పళ్ళ డాక్టరు దగ్గర మూడు గంటలు మేకు కొట్టినట్టు కూర్చుంటుంది. ఈ తిరుగుడంతా నాటకశాలలోనే.

"పోనీ సినిమాకి వెళ్దామా?" అన్నాడు ఒకసారి.

"సినిమాలో ఎవడూ తప్పు పాడడు. అందులో ఏముందిరా? ఇక్కడైతే పైస్వరం ఎత్తుకునే ముందు ఆ పిల్ల గాలి పీల్చుకోవడం మనకి వినబడుతుంది. అందుతుందో లేదోనని మనమూ ఊపిరి బిగబడతాం. అందిందనుకో, మనమే పాడినట్టు!"

"ఊపిరి బిగబట్టడానికి తొమ్మిది సీట్లెందుకు?"

"నోర్మూసుకుని టార్చి వెయ్యి."

ప్రతి వారం ఆటకి వచ్చే లాయరుగారొకరున్నారు. ఆయన ఒకరోజు టార్చి మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఏమయ్యా, ఎవరావిడ? ఇందాక నా ముందు కూర్చుంది. తర్వాత నా వెనక నవ్వింది. ఇప్పుడు పైనుంచి చప్పట్లు కొడుతోంది. నేను నాటకం చూడాలా, ఆవిణ్ణి చూడాలా?"

"రెండూ చూడండి సార్, టికెట్టు ఒకటే."

ఆ జవాబు సాయంత్రంలోగా మేనేజరు గదికి చేరింది.

"మనుషుల్ని సీట్లో కూర్చోబెట్టడమే కదయ్యా నీ ఉద్యోగం?" అన్నాడు మేనేజరు. "సొంత పెద్దమ్మనే కూర్చోబెట్టలేకపోతున్నావు. ఈ ఆదివారం ఆవిడ సీటు మారిందా, సోమవారం నువ్వు ఉద్యోగం మారతావు."

వెనకటి నాలుగు ఉద్యోగాలూ టార్చి తనంతట తనే విసిరికొట్టి వచ్చాడు. ఇది మాత్రం వదలబుద్ధి కాలేదు. డ్రమ్ము మోగగానే చేతిలో టార్చి దానంతటదే తాళం వేసే ఉద్యోగం ఇంకెక్కడ దొరుకుతుంది? ఇంటికెళ్ళి ఉన్నమాట చెప్పేశాడు.

"పెద్దమ్మా, నువ్వు కదిలితే నా పని పోతుంది."

పెద్దమ్మ బటాణీలు వలవడం ఆపింది. "నిజంగానా?"

"నిజంగానే."

"అయితే కదలను."

అన్నట్టే ఆదివారం కదల్లేదు. నాలుగువందల సీట్లకి ఇరవై ముగ్గురు వచ్చారు. ఆ నాటకంలో ఒక ముసలి హాస్యనటుడు టోపీల కొట్టు యజమాని వేషం వేస్తాడు. గర్వం ఎక్కువైన వాళ్ళ తలకి ఏ టోపీ పట్టదని ఆయనకొక పాట ఉంది. ఆయన పాడి, నవ్వు కోసం ఒక్క క్షణం ఆగాడు. మూడో వరసలోంచి ఒక్క నవ్వు వచ్చింది. మిగతా హాలంతా నిశ్శబ్దం. ఆయన కంగారుపడి తర్వాతి చరణం పరుగెత్తించాడు. డ్రమ్ము వాయించేవాడు ఆయన వెనకే పరుగెత్తాడు. నాయిక తన పాటలో ఆఖరి చరణం ఎగ్గొట్టింది. విశ్రాంతి తొమ్మిది నిమిషాలు ముందే వచ్చేసింది.

"ఇవాళ ఇంత చప్పగా ఏడ్చిందేమయ్యా?" అని విసుక్కుంటూ లాయరుగారు కాఫీకి వెళ్ళాడు.

అంతలో పక్క తలుపులోంచి ముసలి నటుడు తొంగిచూశాడు. మొహం మీద పౌడరు చెమటకి చారలు కట్టింది.

"బాబూ, జనం ఎందుకు రాలేదు?"

"వచ్చారండీ, ఇరవై ముగ్గురు. పోయిన వారం ఇరవై ఒక్కరే."

"నాకు చెప్తావా? పోయిన వారం బాల్కనీ కూడా నవ్వింది! ఎడమ పక్క ఎర్ర శాలువా ఆవిడొకరు కూర్చుంటారు, ఆవిడ నవ్వితే గానీ నా పాట లేవదు. ఇవాళ రాలేదు. వెనక ఉన్ని టోపీ పెట్టుకునే ఆయనా లేడు. పైన పచ్చ స్వెట్టరూ లేదు. అందరూ ఒకేసారి మానేశారంటే నా పని అయిపోయినట్టే. ఆట అవగానే మేనేజరుకి చెప్పేస్తాను, ఇంకొకణ్ణి చూసుకోమని."

టార్చి నేరుగా పద్నాలుగో సీటు దగ్గరికి వెళ్ళాడు. పెద్దమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉంది.

"నీ చలి సంగతి తెలిసిపోయింది" అన్నాడు.

"దీపాలు కళ్ళల్లో కొడుతుంటే వేదిక మీదవాళ్ళకి మొహాలు కనబడవురా. రంగులు తెలుస్తాయి, చప్పుడు వినబడుతుంది. అంతే."

"మరి నాకు చెప్పొచ్చుగా?"

"ఖాళీ బస్సు నడిపే డ్రైవరు మొహం నువ్వు చూళ్ళేదు. నేను చూశాను. అలాంటప్పుడు ఉత్తినే గంట కొట్టేదాన్ని. ఎవరో ఎక్కుతున్నారనుకుని ఆపేవాడు, మళ్ళీ హుషారుగా బయల్దేరేవాడు. గంట ఉత్తినే కొట్టానని చెప్తే ఇంకేముంది?"

"లే, పైకి పద. ఆ టోపీల కొట్టాయన మానేస్తానంటున్నాడు."

"నీ ఉద్యోగం?"

"పోతే పోయింది."

"పోనివ్వను. కదలనన్నాను, కదలను." సంచి తీసి అతని చేతిలో పెట్టింది. "నీకు టికెట్టు లేదు, సీటూ లేదు. నువ్వెక్కడ తిరిగినా డ్యూటీ కిందే లెక్క."

రెండో భాగం మొదలైంది. ఎడమ గోడ పక్కన, ఎర్ర శాలువాలో, టార్చి నవ్వాడు. అలవాటు లేని నవ్వు, తుప్పు పట్టిన గేటు తీసినట్టుంది. ముసలాయన గిరుక్కున అటు తిరిగాడు. దీపాలారగానే టార్చి ఒక్క పరుగున మెట్లెక్కి, పచ్చ స్వెట్టరు తొడుక్కుని, బాల్కనీలోంచి ఇంకోసారి గేటు తీశాడు. ఆ గేటు చప్పుడుకే మిగతావాళ్ళకి నవ్వాగలేదు. ముసలాయన గొంతు లేచింది, డ్రమ్ము నెమ్మదించి దానికి దారిచ్చింది. పాటలో లేని చరణం ఒకటి అప్పటికప్పుడు కట్టి పాడాడు. లాయరుగారు ముందు సీటు వీపు మీద చేత్తో బాదుతున్నాడు.

వెనక బూట్ల చప్పుడైంది. మేనేజరు.

"ఏంటయ్యా ఆ వేషం?"

"మెల్లగా సార్. జనం లేరని పెద్దాయన మానేస్తానంటున్నాడు. పెద్దమ్మ ఇన్నాళ్ళూ జనంలా తిరిగింది, ఇవాళ మీరు కదలొద్దన్నారు. అందుకని నేను తిరుగుతున్నాను."

మేనేజరు కిందికి చూశాడు. ముసలాయన వేదిక అంచుకి వచ్చి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, బాల్కనీ కేసి టోపీ ఊపుతున్నాడు. మేనేజరు టార్చి చేతిలో సంచి వైపు చెయ్యి చాపాడు.

"ఆ ఉన్ని టోపీ ఇలా ఇవ్వు" అన్నాడు. "కుడి చివర ఎవరూ లేరు."

వెళ్ళి కూర్చుని నవ్వాడు. అంత లావు మనిషి నవ్వు ఈలలా అంత సన్నగా ఉంటుందని టార్చి ఊహించలేదు.

కింద పెద్దమ్మ తల తిప్పకుండానే, కిక్కిరిసిన బస్సులో జనాన్ని లోపలికి జరగమనే గొంతుతో కేకేసింది: "ఇంకొంచెం గట్టిగా!"

ఆ మాట తనకే అనుకుని ముసలాయన ఇంకా గట్టిగా పాడాడు.