సిరాతో రాసేదాకా

నా చిన్నప్పుడు మా పల్లెకు రెండు పేర్లుండేవి. మేము పిలుచుకునేది నేస్తాలపల్లె. పెద్దూరి వాళ్ళు మాత్రం మా కులం పేరు చెప్పి, దాని చివర వాడ అని తగిలించేవాళ్ళు. ఆ రెండో పేరు నేనిక్కడ రాయను. ఖతార్ వచ్చి, ఐన్ ఖాలిద్‌లో ఒక ఇంటివాళ్ళ కారు తోలుతూ ఇన్నేళ్ళు గడిపాను, వయసు అరవై దాటింది. అయినా ఆ పేరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేస్తాలపల్లె అనే పేరు ఊరికే రాలేదు. మా అవ్వ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, వానలు మొహం చాటేసిన కాలంలో, ఒక తెల్లజంట మా వైపు వచ్చి బావి తవ్వించారట. వాళ్ళు క్వేకర్లు. క్రైస్తవుల్లోనే అదొక శాఖ, తమను తాము నేస్తాలని చెప్పుకునేవాళ్ళట. దొరా అంటే ఒప్పుకునేవాళ్ళు కాదు. గోచీ పెట్టుకున్న పిల్లవాణ్ణి కూడా మీరు అనే పిలిచేవాళ్ళు. వాళ్ళ ప్రార్థనలో పాటా లేదు, ప్రసంగమూ లేదు. ఊరి బయట బండ మీద అందరూ మాట్లాడకుండా కూర్చునేవాళ్ళు. ఎవరికైనా లోపలి నుంచి మాట తన్నుకొస్తే లేచి చెప్పేవాళ్ళు, రాకపోతే అలాగే లేచి వెళ్ళేవాళ్ళు. ఆ బండకు ఊరకుండే బండ అని పేరు పడింది.

ఆ జంట ఎప్పుడో వెళ్ళిపోయింది. మావాళ్ళు తమ దేవుళ్ళనే కొలుచుకున్నారు గానీ వాళ్ళ అలవాట్లు కొన్ని అట్టిపెట్టుకున్నారు. తగవు వస్తే ముందు బండ మీద కూర్చోవాలి. పెళ్ళిలో తాళి కట్టాక వచ్చినవాళ్ళంతా ఒకే కాగితం మీద వేలిముద్ర వెయ్యాలి. పిల్లలనైనా సరే మీరు అనాలి. పెద్దూరి వాళ్ళకు ఇది పెద్ద నవ్వులాట. గౌరవం వాళ్ళింటి సొత్తు, మేమేదో దొంగిలించి వాడుకుంటున్నట్టు చూసేవాళ్ళు.

నన్ను బడిలో వేసిన రోజు మా అవ్వే పెద్దూరికి తీసుకెళ్ళింది. అయ్యవారు రిజిస్టరు తెరిచి, నా పేరు రాసుకుని, ఏ ఊరని అడిగాడు. అవ్వ నేస్తాలపల్లె అని చెప్పింది.

“ఆ పేరుతో ఊరు యాడుండాదే? మీ వాడ పేరు నాకు తెలుసులే, రాసుకుంటా పో,” అన్నాడు. ఆయనకు ముప్ఫై ఏళ్ళుండవు. తల నెరిసిన మా అవ్వను ఏమే, పోవే అంటున్నాడు.

అవ్వ అతని చేయి కదలకముందే రిజిస్టరు మీద తన అరచేయి పెట్టింది. తర్వాత చేయి తీసి, బల్ల ముందు నేల మీద కూర్చుంది. నన్నూ పక్కన కూర్చోబెట్టుకుంది.

మా అవ్వ నోరు మంచిది కాదని మా పల్లెలో అందరికీ తెలుసు. ఇప్పుడు అయ్యవారికి మూడుతుందని సంబరపడ్డాను. ఆమె ఒక్క మాట అనలేదు. నాకు సిగ్గేసింది, ఆ తర్వాత ఆమె మీదే కోపం వచ్చింది.

అయ్యవారు మమ్మల్ని లేచి పొమ్మన్నాడు. పిల్లలచేత ఎక్కాలు చెప్పించాడు. మళ్ళీ మా వైపు చూశాడు. ఆ పేరు పటంలో లేదన్నాడు. పాత రిజిస్టరులో వాడ అనే ఉందన్నాడు. ఊరిపెద్ద రెడ్డిగారు చూస్తే తనను తిడతాడన్నాడు. “నాకేమన్నా మీ మింద కోపమా?” అన్నాడు. అవ్వ దేనికీ బదులివ్వలేదు. పొద్దెక్కేసరికి వేరుశనగ చేలో కలుపు తీస్తున్న మా ఆడవాళ్ళు విషయం తెలిసి ఒక్కొక్కరే వచ్చి, వెనక కూర్చున్నారు. గదిలో ఆయన గొంతు ఒక్కటే వినిపించేది, చివరికి అదీ ఆగిపోయింది.

మధ్యాహ్నం గంట కొట్టే వేళకు ఆయన వంగి రాశాడు. “రాసినా, ఇంక లెయ్,” అన్నాడు.

అవ్వ లేచి రిజిస్టరులోకి తొంగి చూసింది. మళ్ళీ కూర్చుంది. ఆమెకు ఒక్క అక్షరం రాదు. కానీ పెన్సిలు గీతకూ సిరా గీతకూ తేడా తెలియడానికి చదువు అక్కర్లేదు.

“సిరాతో రాయండి అయ్యవారూ,” అంది. ఊరి పేరు చెప్పాక ఆ బడిలో ఆమె అన్న మాట అదొక్కటే.

ఆయన సిరాతో రాశాడు.

దారిలో నేను ఏడుస్తూ అడిగాను, ఎందుకు తిట్టలేదని. “తిట్టింటే నా తిట్టే యాది పెట్టుకుంటాడు నాయనా. ఊరకుంటే ఆయన అనిన మాట ఆయనకే ఇనపడతాది. మీరు గూడా నేర్చుకోండి,” అంది. నా చేయి పట్టుకోబోతే చూశాను, ఆమె అరచేతిలో గోళ్ళు దిగిన గుర్తులున్నాయి. ఆమెకు కోపం లేదని అనుకున్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఇప్పుడు మా పల్లె నుంచి ఇక్కడికి వచ్చిన పిల్లలు ఏ ఊరంటే పట్నం పేరు చెబుతారు. ఫోన్‌లోని మ్యాపులో మా బండ లేదు.

పోయిన నెల పాస్‌పోర్టు రెన్యూవల్ కోసం మెసైమీర్‌లో దరఖాస్తులు నింపిపెట్టే ఒక టైపింగ్ షాపుకు వెళ్ళాను. టైపిస్టు కరీంనగర్ వైపు మనిషి. సొంతూరి చిరునామా దగ్గర ఆగాడు.

“గీ ఊరు ఎవ్వలకు ఎర్క కాకా? మండలం పేరు కొడ్త, యల్లా, జల్ది.”

నేను కుర్చీలోంచి లేవలేదు. మాట్లాడలేదు. వెనక వరుస పెరిగింది. ఇంటివాళ్ళ పిల్లలను బడి నుంచి తెచ్చే వేళయింది, జేబులో ఫోన్ రెండుసార్లు మోగింది. అతను మండలం గురించి చెప్పాడు, టైము గురించి చెప్పాడు, తనకు నాతో ఏ పంచాయితీ లేదని కూడా చెప్పాడు. ఆఖరికి నా ఊరి పేరు కొట్టాడు.

“అయిపాయె కాకా. స్క్రీన్ల ఉన్నది, నువ్వు పో. రేపు ప్రింట్ తీస్త.”

“ఇప్పుడే తీయండి,” అన్నాను.

కోపాన్నీ, ఆ కోపాన్ని పిడికిట్లో పెట్టుకుని కూర్చోవడాన్నీ నాకు మా అవ్వే ఇచ్చింది. కాగితం ఇంకా వేడిగానే ఉంది. నేస్తాలపల్లె అన్న చోట బొటనవేలితో గట్టిగా రుద్ది చూశాను. చెరగలేదు. అప్పుడు లేచాను.