రోమా సైనికుడి పొట్ట కొలతలు

ఇది ఒక మహా వీరగాథ. ఇందులో భగ్గున మండే కొలిమి ఉంది, కరిగిన లోహం ఉంది, కవచం తొడిగిన యోధుడున్నాడు, వేలమంది చూస్తుండగా ఎదురైన పరీక్ష ఉంది.

నిజానికి అంత లేదు. యోధుడు యాభై ఎనిమిదేళ్ళ తాపీ మేస్త్రి. ఆయన చేతిలో బల్లెం వేపకర్రకు బిగించిన గేటు మొన. వేలమంది అన్నది కూడా అబద్ధమే. మూడొందల మంది ఉంటారేమో, వాళ్ళలోనూ సగం మంది ఫోన్లోంచి చూస్తున్నారు. కరిగిన లోహం మాత్రం నిజం. నా చెప్పు మీద మచ్చ ఇంకా ఉంది.

అది 2025, ఫిబ్రవరి నెలాఖరు. మాచర్లలో మా ఇంటి పెరడు. మాది ఫౌండ్రీ, అంటే లోహం కరిగించి అచ్చులో పోసి వస్తువులు చేసే చోటు. పెద్ద కంపెనీ అనుకునేరు. ఒక పక్క బాత్రూము, ఇంకో పక్క అమ్మ కరివేపాకు చెట్టు, మధ్యలో లోపల మట్టి మెత్తిన ఆయిలు డ్రమ్ము. ఆ డ్రమ్మే మా ఫర్నేసు. తాత ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. నాన్న అల్యూమినియం పోత మొదలుపెట్టాడు. నేను పాలిటెక్నిక్ చదివి, అదే పనిని ఇంగ్లీషు పేర్లతో చేస్తున్నాను. మోటారు పుల్లీలు, గేటు మొనలు, పగిలిన మెషీన్ ముక్కలు. కవచాలు మా లిస్టులో లేవు.

జోజప్ప బాబాయి మా పెరటి గోడ కట్టిన మేస్త్రి. అయిదు కిలోమీటర్ల అవతల పల్లెలో ఉంటాడు. ఆ రోజు మోపెడ్ దిగి, హెల్మెట్ కూడా తియ్యకుండా విషయంలోకి వచ్చాడు.

"ఒరేయ్ బాజీ, నాకు ఇనప కవచం కావాలిరా."

"ఎవరితో గొడవ బాబాయ్?"

"గొడవేంది? గుడ్ ఫ్రైడేకిరా."

వాళ్ళ ఊళ్ళో గుడ్ ఫ్రైడే నాడు చర్చి దగ్గర్నుంచి ఊరి చివర దిబ్బ దాకా సిలువ మార్గం నడుస్తారు. ఊరివాళ్ళే వేషాలు కడతారు. బాబాయి పందొమ్మిదేళ్ళుగా రోమా సైనికుడు. దారంతా ఊరికే నడుస్తాడు. చివర్న, అంతా అయిపోయాక, సిలువ కింద నిలబడి ఒక మాట అంటాడు. సిలువ మీద చనిపోయింది మామూలు మనిషి కాదని ఆలస్యంగా తెలిసొచ్చిన సైనికుడి మాట. ఒక్కటే మాట. దానికోసం పందొమ్మిదేళ్ళు.

అంతకుముందు ఏడు ఏం జరిగిందంటే, బాబాయి టీవీ వచ్చిన అట్టపెట్టె కోసి, వెండిరంగు కొట్టి తొడుక్కున్నాడు. చెమటకు అట్ట నానింది. సరిగ్గా ఆ మాట దగ్గర కవచం జారి మోకాళ్ళ మీద పడింది. లోపల్నుంచి సిమెంటు కంపెనీ బనియను బయటపడింది. ఊరు ఊరంతా నవ్వింది. సిలువ మీద తల వాల్చేసిన కుర్రాడి భుజాలు కూడా ఊగాయంట.

ఆ పైన చర్చి పనులు చూసే ఉపదేశి, అంటే గురువుగారి తర్వాత ఊళ్ళో మాట చెల్లే మనిషి, ఈసారి డ్రస్సులు విజయవాడ నుంచి అద్దెకు తెస్తామన్నాడు. అవి కుర్రాళ్ళ సైజులు. సైనికుడి వేషం జిమ్ముకెళ్ళే ఒక కుర్రాడికి. బాబాయి బతిమాలితే ఒక మెలిక పెట్టాడు. సొంత కవచం గట్టిగా ఉంటే, గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు వేసుకుని చూపించాలి, అప్పుడు ఆలోచిస్తాడు.

"వాడు సిక్స్ ప్యాక్ చూపిస్తాడురా. నేను ఆ మాట చెప్తా. రెండూ ఒకటేనా?" అన్నాడు బాబాయి. అప్పటికి హెల్మెట్ తీశాడు. కళ్ళు చూశాక జోకెయ్యబుద్ధి కాలేదు.

"ఇనుమైతే నువ్వు మొయ్యలేవు, నేను పొయ్యలేను. అల్యూమినియం పోద్దాం."

"అంటే సిల్వరేగా?"

"సిల్వరే." మా వైపు అల్యూమినియాన్ని సిల్వరు అంటారు. అసలు వెండి గిన్నెలు ఎవరింట్లోనూ లేవు కాబట్టి ఇబ్బంది రాదు.

ముందు ప్యాటర్న్ కావాలి. అంటే వస్తువు నమూనా. దాన్ని తడి ఇసుకలో అదిమి తీస్తే పడే గుంటలో లోహం పోస్తాం. కవచానికి నమూనా మనిషే కాబట్టి, నాలుగైదు రోజులకు బాబాయిని బల్ల మీద పడుకోబెట్టి ఛాతీ మీద ప్లాస్టరు పూశాను. మేస్త్రి కదా, పడుకునే సూపర్‌వైజ్ చేశాడు. "అంచు లెవెల్ చూడరా. ఆ మూల బొక్క పూడ్చు."

"పొట్ట లోపలికి పీల్చు బాబాయ్."

"పీల్చే ఉన్నా."

"పీల్చాక ఇదా?"

"పొట్ట కాదురా, ఛాతీ కొంచెం కిందికొచ్చింది."

ఆ రోజు విభూది బుధవారానికి ముందు మంగళవారం. మర్నాటి నుంచి వాళ్ళకు తపస్సు కాలం, నలభై రోజులు మాంసం ముట్టరు. అందుకని ఆ మధ్యాహ్నం నలభై రోజులకు సరిపడా పొట్టేలు కూర తినొచ్చాడు. నాకేమో రంజాన్ రోజాలు అప్పటికే మొదలు. ఎంగిలి కూడా మింగని నేను, మసాలా వాసన కొడుతున్న కొండకు ప్లాస్టరు పూస్తున్నాను. ఎండాక పీకితే వెంట్రుకలు కూడా వచ్చాయి. ఆ కేక విని అమ్మ పరిగెత్తుకొచ్చింది.

ఇక్కడ నా చదువు పనికొచ్చింది. కరిగిన అల్యూమినియం చల్లారేటప్పుడు కొద్దిగా ముడుచుకుంటుంది. ఆ మేరకు ప్యాటర్న్ పెద్దదిగా చెయ్యాలి. దీన్ని ష్రింకేజ్ అలవెన్స్ అంటారు. టేపు పెట్టి, కాలిక్యులేటర్ పెట్టి, చానా శ్రద్ధగా లెక్క కట్టాను. ఈ వాక్యం గుర్తుంచుకుని నన్ను తర్వాత తిట్టుకోవచ్చు.

పోత పోసే రోజు తెల్లారగట్ల సహరీ తిని, నమాజు చేసుకుని ఫర్నేసు ముట్టించాను. ఎండ ముదరకముందే పని కావాలి. బాబాయి గోనెసంచితో దిగాడు. అందులో సొట్టలు పడ్డ గిన్నెలు, మూతలు, టిఫిను డబ్బాలు.

"ఇదేంది బాబాయ్? పాత సామానుకొట్టు పెట్టావా?"

"పోయినేడు నవ్వినోళ్ళందరి ఇళ్ళకూ పొయ్యి అడిగా. తలా ఒకటిచ్చారు. ఈ సిల్వరుతోనే పొయ్యాలి."

గిన్నెల లోహం పల్చటి పోతకు సరిగ్గా పారదని నాకు తెలుసు. కానీ నవ్వినవాళ్ళ గుమ్మాలెక్కి గిన్నెలడిగిన మనిషికి ఆ ముక్క చెప్పడానికి నోరు రాలేదు. అన్నీ క్రూసిబుల్‌లో, అంటే లోహం కరిగే కుండలో వేసి, పైన తేలిన తెట్టు తీసేసి పోశాను. చల్లారాక ఇసుక పగలగొడితే, కవచానికి ఎడమవైపు అరచేయంత బొక్క.

"గుండె దగ్గరే ఆగిందిరా," అన్నాడు బాబాయి ఆ బొక్క మీద అరచెయ్యి పెట్టి.

"గుండెకేం సంబంధం లేదు బాబాయ్. రెండు వైపుల నుంచి వచ్చిన లోహం కలుసుకునేలోపే చల్లారింది. మిస్‌రన్ అంటారు. పాత బండి పిస్టన్లు కలపాలి. వాటిలో సిలికాన్ ఉంటుంది, నీళ్ళలా పారుద్ది."

"మరి ఊరోళ్ళ గిన్నెలో?"

"సగం గిన్నెలు, సగం పిస్టన్లు. పిస్టన్లు కూడా మీ ఊరి బండ్లవే, మెకానిక్ దగ్గర ముందే తెచ్చిపెట్టా."

దానికి ఒప్పుకున్నాడు. ఆయనకు నీళ్ళు తాగే వీలుంది, నాకు లేదు. కొలిమి పక్కన గంటసేపు నిలబడి పెదాలు ఎండిపోయాక, "తాగు బాబాయ్" అంటే, "నీ ముందర తాగితే గొంతు దిగుద్దా?" అని బాటిలు మోపెడ్ డిక్కీలో పెట్టేశాడు. రెండో పోత నిండుగా దిగింది. ప్యాటర్న్ మాత్రం తీసేటప్పుడు ముక్కలైంది. ఇంక దానితో పనేముందిలే అనుకున్నాను.

మట్టల ఆదివారం సాయంత్రం, అరంతో రాకి, పాలిష్ పెట్టిన కవచం తీసుకుని వాళ్ళ ఊరెళ్ళాను. ఉపదేశి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బాబాయికి తొడిగి తోలు పట్టీలు బిగించాను. బిగించాను. ఇంకా బిగించాను. బాబాయి ఎడమవైపు తిరిగాడు. కవచం తిరగలేదు.

నలభై రోజులు ఒంటిపూట తిని ఆయన సగమయ్యాడు. రోజూ కొద్దికొద్దిగా తగ్గిన మనిషి నా కళ్ళకు ఆనలేదు. సిల్వరు పొట్ట మాత్రం పొట్టేలు కూర నాడు ఎట్టా ఉందో అట్టానే ఉంది.

"ఏంది జోజప్పా, ఇదీ అద్దెకు తెచ్చిందేనా?" అన్నాడు ఉపదేశి.

"మజ్జిగన్నా తాగమని మొత్తుకున్నానయ్యా, వింటేనా?" అంది బాబాయి భార్య మరియమ్మ పిన్ని.

"శుక్రవారం పొద్దున మళ్ళీ చూస్తా. అప్పటికీ ఊగితే కుర్రాడే కడతాడు," అని ఉపదేశి లేచాడు.

"బాబాయ్, అయిదు రోజుల్లో పొట్ట పెంచగలవా?" అన్నాను మెల్లగా.

"పవిత్ర వారంలోనా?" నన్ను చూసిన చూపుకు రోమా సైనికుడు చాలడు, చక్రవర్తి వేషమే ఇవ్వొచ్చు.

మళ్ళీ పొయ్యడానికి ప్యాటర్న్ లేదు. ఇంటికొచ్చి దిగాలుగా కూర్చుంటే, కూలర్ తుడుస్తున్న అమ్మ అంది: "ఖాళీయేగా? ఈ గడ్డి కుక్కరాదూ?" అదే చేశాం. పల్చటి గుడ్డసంచిలో కూలర్ గడ్డి నింపి, కవచం లోపల పట్టీలకు కుట్టాం. శుక్రవారం పొద్దున ఉపదేశి రెండు చేతులతో ఊపి చూశాడు. ఊగలేదు. తలూపాడు.

ఆ మధ్యాహ్నం మూడింటికి పల్నాడు ఎండలో సిల్వరు ఎంత కాలిందంటే, వేలు పెట్టి చటుక్కున తీశాను. మరియమ్మ పిన్ని కూలర్‌కు పోసినట్టు లోపలి గడ్డి మీద నీళ్ళు పోసింది. అది కొలతకు సరిగ్గా సరిపోయి ఉంటే బాబాయిని వేపుడు చేసేవాళ్ళం. వదులుగా ఉండబట్టి తడిగడ్డి పట్టింది, మనిషి బతికాడు. దీన్ని నా ముందుచూపు అని చెప్పుకున్నాను. ఎవరూ నమ్మలేదు.

దిబ్బ దగ్గర కుర్రాళ్ళు నవ్వడానికి రెడీగా ఫోన్లు పైకెత్తారు. సిలువ మీద కుర్రాడు తల వాల్చాడు. బాబాయి బల్లెం దించి తలెత్తాడు. అందరూ ఆయన ముఖం చూస్తుంటే నేను పట్టీలు చూస్తున్నాను. ఏటా ఆ మాట అరిచేవాడంట. ఈసారి ఉపవాసపు గొంతుతో, పక్కమనిషికి చెప్పినట్టు చెప్పాడు. చివరి వరస దాకా వినపడింది. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు కవచం కింది అంచు నుంచి నీళ్ళు కారడం మొదలైంది. ఒక్కో చుక్కే దుమ్ములో పడుతోంది.

"చూడండే, ఎంత రాతి గుండె అయినా కరుగుతా ఉంది," అంది ఒక అవ్వ. పక్కన ఇద్దరు కళ్ళకు కొంగులు ఒత్తుకున్నారు. ఉపదేశి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మరియమ్మ పిన్ని గడ్డిని కాస్త ఎక్కువ తడిపిందని నాకొక్కడికే తెలుసు.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వేగా అయ్యా చేసింది? ఆ నీళ్ళెట్టా వచ్చినయ్?"

జోకు నోటిదాకా వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మింగేశాను.

"తెలవదవ్వా," అన్నాను.

ఆ వేషం ఇప్పుడు ఆయనదే, ఎవరూ అడగరు. నేను నేర్చుకున్నదేమిటంటే, లోహం ఎంత ముడుచుకుంటుందో పుస్తకంలో ఉంటుంది, మనిషి ఎంత ముడుచుకుంటాడో ఇంట్లోవాళ్ళను అడగాలి. ఇప్పుడు ఒంటికి కొలత పెట్టే పని వస్తే ముందు అడిగేది ఒకటే: రోజాలా, అయ్యప్ప మాలా, తపస్సు కాలమా?

అన్నట్టు, కూలర్ గడ్డిని పనయ్యాక ఎండబెట్టి దాచుకోవాలి. తడిగా మూటగడితే రెండు రోజుల్లో వాసనొస్తుంది.