ఫ్యూజు పోని ఆరేళ్లు

రెండు నెలల కిందట ఒక ఆదివారం పొద్దున తార్నాకలోని మా ఇంటి మెయిన్ బోర్డు ముందు ఉన్నవాళ్లు: నాన్న, నేను, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రిటైరైన ఎలక్ట్రీషియన్. ఉన్నవి: నిచ్చెన, టెస్టరు, నేను పరిశోధన చేస్తున్న యూనివర్సిటీ ల్యాబు నుంచి అడిగి తెచ్చిన, వైర్ల ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మెగ్గరు. వెనక, ముందురోజు గ్రైండరు తాకి జివ్వుమన్న చేతిని ఇంకా రుద్దుకుంటూ అమ్మ. హాల్లో మంచం మీద అవ్వ.

తేల్చాల్సింది ఒక్కటే. వంటింటి వైర్లు మారిస్తే చాలా, నలభై ఏళ్ల ఇంటికి మొత్తం మార్చాలా? మొత్తమంటే గోడలన్నీ చెక్కాలి, నడవలేని అవ్వను పదిహేను రోజులు మౌలాలిలో అత్త ఇంట్లో ఉంచాలి. అవ్వ రానంది. నాన్న ఆమె పక్షం.

"ఆరేండ్లాయ, ఒక్కతూరి గూడా ఫ్యూజు పోలేదు. వైర్లు బాగుండబట్టే గదా," అన్నాడు.

"గదే సమజైతలేదు సార్," అన్నాడు ఎలక్ట్రీషియన్. "గింత పాత ఇంట్ల ఫ్యూజు పోకుండ ఎట్లుంటది?"

నాకైతే అర్థమైంది.

పింగాణీ ఫ్యూజుల ఇళ్లలో పెరిగిన మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, స్విచ్చి వేయడమంటే ఇంట్లో అందరికీ చెప్పి చేసే పని. గీజరు, ఇస్త్రీపెట్టె, మోటారు, గ్రైండరు, వీటిలో ఏ రెండూ కలిసి నడవకూడదు గనక, ఏది వేయాలన్నా ముందు అవ్వకు వినపడేలా చెప్పేవాళ్లం. ఆమె మంచం మీది నుంచే "ఆగప్పా, మీయమ్మ గ్రైండరేసింది," అనో, "ఊ, ఏసుకో," అనో తీర్పు చెప్పేది, క్యాంపస్‌లో ఆఫీసుకు టైమవుతున్నా నాన్న సైతం నలిగిన చొక్కా పట్టుకుని ఆ మాట కోసం నిలబడేవాడు. బీటెక్ మూడో ఏడు, ల్యాబు పరీక్ష ఉన్న పొద్దున, నేను అడక్కుండా ఇస్త్రీపెట్టె వేసి ఫ్యూజు పోగొట్టాను. తిరిగి వేసేటప్పుడు ఒక పోగుకు బదులు మూడు పోగులు మెలిపెట్టాను. ఫ్యూజు తీగ ఎందుకు సన్నగా ఉండాలో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. ఆ తర్వాత ఫ్యూజు పోలేదు, మెల్లగా అవ్వను అడగడమూ మానేశాం.

ఇదంతా బోర్డు ముందు రెండు వాక్యాల్లో చెప్పాను. ఎలక్ట్రీషియన్ ఫ్యూజు లాగి చూశాడు.

"ఇంజనీరు సాబ్, తీగ కాలాల్సింది, మీరు ఇల్లు కాలేటట్టు చేసిన్రు గదా."

మెయిన్ ఆపి మెగ్గరు పెట్టాం. ఒక మెగాఓమ్ కన్నా తగ్గితే ఆ వైరు పనికిరాదు. తొమ్మిది లైన్లలో ఏడు తగ్గాయి. మౌలాలి వెళ్లాలని అవ్వకు నేనే చెప్పాను, కారణంతో సహా.

"నన్నడిగి ఏసింటే ఇంతదూరం వచ్చేది కాదు కదప్పా," అంది. బయల్దేరింది.

ఇప్పుడు అవ్వ తిరిగొచ్చింది. కొత్త బోర్డులో ఫ్యూజుల బదులు ఎంసీబీలు, పద్నాలుగు. అన్నీ ఒకేసారి నడిచినా ఏమీ కాదు. ఎవరు ఏ గదిలో ఏం చేస్తున్నారో మాత్రం ఎవరికీ తెలియడం లేదు. అవసరం లేకపోయినా, ఇస్త్రీపెట్టె వేసేముందు నేను అవ్వను అడుగుతున్నాను.

ఈ వారం నాలుగుసార్లు.