చిన్నమ్మ, మసకబారిన పాలరాయి

మొన్న పొద్దున చిన్నమ్మ పోయిందని అక్క ఫోన్ చేసింది. కాఫీ తాగుతూ కుర్చీలోనే తల వాల్చేసిందట. ముత్తియాల్‌పేటలోని ఆమె ఇంటికి ఆటోలో బయల్దేరాను. ఆమె లేని ఆ ఇంట్లో అడుగుపెట్టాలంటేనే భయం వేసింది.

చిన్నమ్మ మా అమ్మ చెల్లెలు. అమ్మ పోయాక మా ఇద్దరినీ ఆమే పెంచింది. వీధి గదిలో జాకెట్లు కుట్టేది. గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకునే మాట్లాడేది. ఎక్కడ మింగేస్తుందోనని నేను ఆ నోటివంకే చూస్తుండేదాన్ని. మాట్లాడేది అరవం కలిసిన తెలుగే అయినా, చదవడం రాదు. బతికుంటే, మీరు చదువుతున్న ఈ నాలుగు మాటలూ నేనే ఆమెకు చదివి వినిపించేదాన్ని.

అక్కకు పెళ్ళిచూపులు అనుకున్న రోజులవి. హాల్లో పాలరాయి నేల బాగా మసకబారింది. దాన్ని మెరిపించాలని అక్క, వీధి దుమ్ము రాకుండా తలుపులూ కిటికీలూ మూసి, బాత్‌రూమ్ యాసిడ్ పోసింది. ఇంకా తెల్లబడుతుందని దానిమీదే బ్లీచింగ్ పౌడర్ చల్లింది. వంటింట్లో ఉన్న నాకు మొదట దగ్గు వినిపించింది, తర్వాత బకెట్ పడిన చప్పుడు. తలుపు తోశాను. ఆ రెండూ కలిసి లేచిన విషపు ఘాటుకు కళ్ళు మండిపోయాయి. అక్క గోడవారగా మోకాళ్ళమీద ఉంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

చిన్నమ్మ పరుగున వచ్చి నన్ను వెనక్కి లాగింది. "నువ్వు లోపలికి రావద్దు. పోయి ఆటో పిలువు" అంది. ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళి, అక్కను చంకల కింద పట్టుకుని ఈడ్చుకొచ్చింది.

ఆసుపత్రిలో అక్కకు ఆక్సిజన్ పెట్టారు. ఛాతీ లేస్తోందా లేదా అని రెప్ప వేయకుండా చూస్తున్నప్పుడు పక్కన చిన్నమ్మ పళ్ళు కొట్టుకోవడం వినిపించింది. నీకూ భయమేనా అని అడిగాను.

"బయం లేకుండా యాడ పోతాది కణ్ణూ? బయపడతానే ఈడ్చుకొచ్చినా."

అక్క కోలుకుంది గానీ హాల్లోకి రావడం మానేసింది. దొడ్డిదారినే తిరిగేది. యాసిడ్ పడినచోట రాయి గరుకెక్కి, సున్నం పూసినట్టు అయిపోయింది. చిన్నమ్మ రాళ్ళ షాపులో అడిగి రాయి అరగదీసే వాటర్ పేపరూ పాలిష్ పొడీ తెచ్చింది. కుట్టుపని అయ్యాక తలుపులన్నీ బార్లా తీసి, ముందు తడి కాగితంతో గరుకు తీసేది. తర్వాత పొడిని నీళ్ళతో కలిపి మెత్తటి గుడ్డతో రుద్దేది. తుడిచి, వంగి వెలుగులో చూసుకునేది. గుడ్డ తడిపి అందించమని అక్కను గడప బయటే కూర్చోబెట్టుకునేది. లోపలికి రమ్మని మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఒకరోజు అక్క తనంతట తానే గడప లోపల మోకాలు మోపింది. గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఏంది చూస్తా ఉండావు? ఉత్త నీళ్ళే. నేనుండా కదా" అంది చిన్నమ్మ.

ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ పక్కపక్కనే రుద్దారు. రాయి మెరిసింది. కిటికీ దగ్గర ఒకటి రెండు మచ్చలు మాత్రం పోలేదు. వాటిని అలాగే ఉండనిమ్మంది చిన్నమ్మ.

నిన్న ఆ నేలమీదే ఆమెను పడుకోబెట్టారు. మగవాళ్ళు తీసుకెళ్ళాక ఇల్లు కడగడానికి ఎవరో ఫినాయిల్ తెచ్చారు. మూత తీయగానే అక్క ముఖం పాలిపోయింది. నేను మూత మళ్ళీ బిగించేశాను. వద్దని చెప్పి వట్టి నీళ్ళతో కడిగాం.

అందరూ బయటికి వెళ్ళాక అక్క మళ్ళీ హాల్లోకి రాబోతూ గడపలో ఆగిపోయింది. "నా చెయ్యి పట్టుకో" అంది. పట్టుకున్నాను. ఇద్దరం గడప దాటి ఒక అడుగు లోపలికి వేశాం. తడి రాయిలో ఫ్యాను నీడ మెల్లగా తిరుగుతోంది. దానిమీద మా నాలుగు పాదాలు, ఇంకా కదలకుండా.