ఏసోబు అటు తిరిగి కూర్చున్న సభ

“అమ్మా, గొంతు జాగ్రత్త. వేణ్ణీళ్ళు తాగుతా ఉండు.”

“నా గొంతు పోతే పోయిందిలే. నీది ఉందిగా, పో.”

దీనమ్మ నాతో, నేను దీనమ్మతో అన్న ఆఖరి మాటలివి. దోర్నాల కూడలిలో ఆమె బస్సెక్కుతోంది, నేను కింద నిలబడి ఉన్నాను. మళ్ళీ చూడలేదు. కొన్నేళ్ళకు ఆమె పోయిందన్న కబురు మాత్రం తెలిసింది. పదిమందిలో నోరు విప్పాలంటే భయమని ఎవరైనా అంటే నాకు ఆమే గుర్తొస్తుంది. రాయడం నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి మనవరాలు రూతు రాస్తోంది.

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉన్న రోజులవి. పంచాయతీ సమితులు అప్పుడే కొత్తగా వచ్చాయి. మా ఆయన పోయాక మిషను వాళ్ళు నన్ను బైబిల్ ఉమన్‌గా పెట్టుకున్నారు. అంటే పల్లెపల్లెకూ నడిచిపోయి ఆడవాళ్ళకు వాక్యమూ పాటా నేర్పే మనిషి. పాడీ పాడీ, చెప్పీ చెప్పీ నా గొంతు అప్పటికే బొంగురుపోయింది. ఆ పనిలో కష్టమైనది సాక్ష్యం చెప్పించడం. తన బతుకులో జరిగినదాన్ని సంఘం ముందు నిలబడి తన నోటితోనే చెప్పాలి. అక్షరం రాని ఆడవాళ్ళు, లేచినట్టే లేచి మళ్ళీ కూర్చునేవాళ్ళు. అందుకని మొదటి మాట ఎప్పుడూ రోజూ చేసే పనితో ఎత్తుకోమనేదాన్ని. నాలుక బెదిరినా, చేతికి తెలిసిన పని మాటను ముందుకు లాక్కుపోతుంది.

కొనకనమిట్ల అవతల దీనమ్మ వాళ్ళ పాలేనికి మంచినీళ్ళ బావి లేదు. ఊరి బావి దగ్గర ఎవరైనా తోడి పోస్తే నీళ్ళు, పోయకపోతే కుంటే దిక్కు. ఆ కుంట నీళ్ళకే వాంతులూ విరేచనాలూ పట్టుకుని దీనమ్మ బిడ్డ సుందరి పోయింది. అప్పుడప్పుడే మాటలు బాగా వచ్చిన పిల్ల. మగవాళ్ళు పెట్టిన అర్జీలు కదల్లేదు. ఇంతలో సమితి ఆఫీసరు వస్తున్నాడనీ, నీళ్ళు మోసే ఆడవాళ్ళ నోటనే వింటానన్నాడనీ కబురు వచ్చింది. బావి ఈ పాలేనికా, వేరే పల్లెకా అన్నది ఆ రోజే తేలుతుంది.

దీనమ్మ తనే నా దగ్గరికి వచ్చింది. “నేను చెప్తానమ్మా. ఎట్ల చెప్పాల్నో నేర్పు.”

శనక్కాయలు ఒలిచే చోట ఆడవాళ్ళ మధ్య చెప్పించాను. తడుముకోకుండా చెప్పింది. ఆదివారం గుడిలో లేపి నిలబెడితే, ఒకసారి మగవాళ్ళ వైపు చూసి కూలబడింది. జనానికి బెదిరిందనుకున్నాను. పక్క పల్లె ఆడవాళ్ళను కూడా పోగుచేసి కూర్చోబెట్టాను. వాళ్ళ ముందు గడగడా చెప్పింది! నాకేమీ పాలుపోలేదు.

ఒకరోజు వాళ్ళింట్లో చెప్పిస్తుంటే గుమ్మంలో దగ్గు వినిపించింది. ఆమె మామ ఏసోబు. దీనమ్మ సగం మాటలో ఆగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏంది, ఆపినావు?”

“మామ వచ్చినాడు.”

“వస్తే?”

“కాపరానికి వచ్చినకాడి నుంచి మామ ముందర నోరు తెరిచింది లేదమ్మా. సుందరి ఉన్నప్పుడు అదే చెప్పేది, ‘తాతా, అమ్మ అన్నానికి రమ్మంటంది’ అని. ఇప్పుడు పళ్ళెం పెట్టి తలుపు కొడతన్నా.”

బయటికి పోయాను. ఏసోబు మేకను కట్టేస్తున్నాడు.

“ఏసోబన్నా, సభకు నువ్వు రావాకు. నువ్వుంటే పిల్లకు మాట పెగలదు.”

ఆయన చెయ్యి తాడు మీదే ఆగిపోయింది. “నా మనవరాలి సంగతి చెప్పేనాడు నన్ను ఇంట్లో కూచోమంటావా అమ్మా?”

 తాడు ముడి వేసి తనే అన్నాడు. “అటు తిరిగి కూచుంటాలే. నా వీపుకు చెప్పుకోమను.”

ఆ సాయంత్రం నుంచి మేక వైపు తిరిగి పందిట్లో కూర్చునేవాడు. దీనమ్మ గుమ్మంలో నిలబడేది. మొదటి రోజు “పొద్దున్నే కడవ...” అని ఊరుకుంది.

“ఏమే మేకా,” అన్నాడు ఏసోబు, తల తిప్పకుండా. “కడవ తర్వాత వినపళ్ళేదని చెప్పు.”

దీనమ్మకు నవ్వు ఆగలేదు. బిడ్డ పోయాక ఆమె నవ్వగా నేను చూడటం అదే. మర్నాడు ఆమె మాటల్లో కడవ కుంట దాకా పోయింది.

సభ బడి వరండాలో పెట్టారు. ఏసోబు జనం మధ్య ఆఫీసరుకు వీపు పెట్టి కూర్చున్నాడు.

“ఏంది ఏసోబూ, ఆఫీసరు ఇటుంటే అటు చూస్తావు? పెళ్ళికూతురివా?” అన్నాడొకాయన.

“మెడ పట్టేసిందిలే నాయనా.”

జనం పకపకా నవ్వారు. ఆయన కదల్లేదు.

దీనమ్మ లేచింది. “పొద్దున్నే కడవ తీసుకుంటా సార్,” అని ఎత్తుకుంది. ఊరి బావి దగ్గర ఎంతసేపు నిలబడాలో చెప్పింది. కుంటలో పశువులు దిగుతాయనీ, నీళ్ళ మీది నాచును చేత్తో పక్కకు తోసి ముంచుకోవాలనీ చెప్పింది. 

“నా బిడ్డ సుందరి దప్పిక అన్నింది. ఆ నీళ్ళు నేనే తాపినా.”

అప్పుడు ఏసోబు ఇటు తిరిగాడు.

అంతా పోయిందనుకున్నాను. దీనమ్మ ఆయన్నే చూసింది. కొంగు నోటిదాకా పోయి ఆగింది.

“మామా, నేనే తాపినా,” అంది.

ఏసోబు మొహం నిండా నీళ్ళు. “నువ్వేం చేస్తావమ్మా, అవే ఉన్నాయి మనకు. చెప్పు, సారుకు చెప్పు. నేను వింటన్నా.”

ఆమె ఆఫీసరు వైపు తిరిగింది. “మాకు బావి కావాల సార్. ఎక్కడ తవ్వాల్నో చూపిస్తా, రాండి.” ఆమె ముందు నడిచింది. ఆఫీసరూ జనమూ ఆమె వెనక నడిచారు. ఆ ఎండాకాలమే బావి పడింది.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. భయమన్న మనిషిని జనం ముందు ఇంకా ఇంకా నిలబెట్టడం మానేశాను. “అందులో ఎవరమ్మా నీకు భయం?” అని అడుగుతాను. చాలాసార్లు ఒక్కరే ఉంటారు. మొగుడో, అత్తో, అన్నో. ముందు ఆ ఒక్కరి దగ్గరికి పోయి కూర్చుంటాను. మనం బెదిరించేవాళ్ళనుకున్న మనిషి, అడిగితే, వీపు తిప్పి కూర్చోవడానికి కూడా సిద్ధపడతాడు.

ఇంతేనమ్మా రూతూ. ఏదీ, మొదటినుంచి చదువు. మనసులో కాదు, నాకు వినపడేట్టు.