ఇంటిపేరు కలవని అన్న

మలయా అడవుల్లో కమ్యూనిస్టుల కోసం సైన్యం గాలిస్తున్న రోజులవి. సుంగై సుమున్ ఊరికి వెళ్లే బస్సులో నా తెలుగు విని, పక్కనున్న నడివయసు మనిషి నా ఇంటిపేరు అడిగి, ఎందుకో చెప్పాడు.

“మా తాత సీకాకోళం నుంచి ఓడెక్కి రబ్బరు తోట పనికి వచ్చినాడు. ఆయన తమ్ముడు వేరే తోటకి పోయినాడు. ఆళ్ల పిల్లల కోసం తోటతోటా తిరుగుతున్నాను.”

నా ఇంటిపేరు వేరు. ఆయన ముఖం చిన్నబోయింది.

అంతలో సైనికులు బస్సు ఆపారు. నా గుర్తింపు కార్డు ఇంట్లో మరిచిపోయాను. దిగమన్నారు. ఆయన లేచి తన కార్డు చూపించి, నేను తన తమ్ముణ్ణని మలాయి భాషలో గట్టిగా చెప్పాడు. వదిలేశారు.

“అబద్ధమని తెలిస్తే నిన్నూ పట్టుకుపోదురు కదన్నా!” అన్నాను.

“దొరికినోణ్ణి ఒగ్గేస్తానేటి లా?” అన్నాడు, ఇక్కడివాళ్లు మాట చివర పలికే ‘లా’ తగిలించి.

మా పిల్లల్ని పెదనాన్నలెందరని అడిగితే, ఇప్పటికీ ఒకరిని ఎక్కువ చెబుతారు.