పంచె ముడి దగ్గర

మూత్రాశయంలో గడ్డ మళ్లీ వచ్చిందని హైదరాబాదులో డాక్టరమ్మ చెప్పినప్పుడు కూడా నేను కుర్చీకి వీపు ఆనించలేదు. అది మా ఇంటి అలవాటు. ఇంతకుముందు గీకి తీశారు, వారం వారం లోపలికి మందు ఎక్కించారు. అయినా వచ్చింది. ఇంకా కండలోకి దిగలేదు కాబట్టి ఇప్పుడే మూత్రాశయం తీసేయడం మంచిదని ఆమె అంది. తీసేస్తే మూత్రం పొట్ట మీద చేసిన రంధ్రంలోంచి, అక్కడ అతికించిన సంచిలోకి వస్తుంది. వద్దంటే మరో మందు ఎక్కించి చూడవచ్చు. కానీ ఈలోగా కండలోకి దిగితే తన చేతుల్లో ఏమీ ఉండదంది.

"ఆలోచించుకుని రండి. ఎక్కువ ఆలస్యం చేయకండి."

మాది కల్లూరు పక్కన ఊరు. మా తాత మాలీపటేలు, ఊరి శిస్తు వసూలు చేసే పెద్ద; ఎవరినైనా ఏదైనా అడగాలంటే లెక్కలు రాసే పట్వారీని పంపేవాడు. మాన్వి నుంచి రాయచూరు వెళ్లే బస్సు ఎవరూ చెయ్యెత్తకుండానే మా వాడా, అంటే మా పెద్దింటి గుమ్మం ముందు ఆగేది. మా నాన్న తాంబూలం ముగించి, తీరిగ్గా వచ్చి ఎక్కేవాడు. వాడా పంపకాల్లో పోయింది. నాకు మిగిలింది రెండు గదులు. తెల్ల పంచె మాత్రం రోజూ ఉతికిందే కడతాను. దాని కింద సంచి ఊగడం, నలుగురిలో తడి మరక పడడం ఊహించుకుంటేనే నా ఆలోచన ఆగిపోయేది. మందే ఎక్కించమని చెబుతానన్నాను.

"పాణం పోయినా పంచెకు మరక గావద్దు, అంతేనా?" అంది నా భార్య.

"అంతే."

"మంచిగుంది. తెల్లగ ఉతికిందే కప్పుత, మీ మీద."

ఆ మాట చెప్పడానికే రాయచూరులో ఇద్దరం హైదరాబాదు బస్సు ఎక్కాం. పాత మందులకు నా మూత్రాశయం కుంచించుకుపోయి గుక్కెడు కూడా పట్టని స్థితికి వచ్చింది. నీళ్లు తాగకుండా ఎక్కినా కృష్ణ వంతెన దాటగానే మంట మొదలైంది. అప్పుడు నా భార్య అడిగి బస్సు ఆపించింది. మక్తల్ దాటాక మళ్లీ మొదలైంది. ఆమె లేవబోతే చెయ్యి పట్టి ఆపి, నేనే లేచాను. మా ఇంట్లో బస్సు ఆపమని అడిగిన మొదటి మగవాణ్ని నేనే అయి ఉంటాను.

"మళ్లనా యజమాన్రే? ఇప్పుడే గద దిగితిరి!" అన్నాడు కండక్టరు.

వెనక నుంచి ఎవరో అన్నారు: "ఈ బస్సు హైదరాబాద్‌కా, తుమ్మచెట్టు తుమ్మచెట్టుకా?"

అందరూ నవ్వారు. "నీకు గూడ వస్తదిలే ముసలితనం" అని అతనికి జవాబిచ్చి, కండక్టరు విజిల్ వేశాడు.

పత్తిచేను గట్టు మీద నిలబడ్డాను. వెనక ఇంజను ఆగలేదు. నాలుగు చుక్కలు, ఎర్రగా. తిరిగి ఎక్కుతుంటే చూసుకున్నాను, పంచె అప్పటికే తడిసి ఉంది. ఏ మరకకు భయపడ్డానో అది ముందే పడింది. నా భార్య తన సంచిలోంచి తువ్వాలు తీసి నా ఒడిలో పరిచింది.

బస్సు కదిలాక అడిగింది. "పొట్ట మీద సంచి ఎన్ని గంటలకోసారి ఒంపాలె?"

"అడగలేదు."

"మరేం అడిగిన్రు?"

నేను పంచె కుచ్చిళ్లు తువ్వాలు కిందికి తోసుకున్నాను.

"అడగనీకి గూడ పట్వారీ రావాల్నా?"

డాక్టరమ్మను అడిగాను. కొన్ని గంటలకోసారి ఒంపుకుంటే చాలట. సరిగ్గా అతికిస్తే కారదట, ఎప్పుడైనా కారితే మార్చుకోవాలట. తీసేస్తే జబ్బు ఇక రాదా అని అడిగాను. ఆ మాట ఇవ్వలేనంది. అలసిపోయి ఉన్నాను. "తీసేయండి" అన్నాను.

ఆపరేషను ముందు రోజు నర్సు పెన్ను పట్టుకుని వచ్చింది. రంధ్రం ఎక్కడ పెట్టాలో గుర్తు పెడతానంది. పంచె కట్టి చూపించమంది. ముడి ఎక్కడ వస్తుందో చూసుకుని, మామూలుగా ఎలా కూర్చుంటారో అలా కూర్చోమంది. కూర్చున్నాను.

"ఇంత నిటారుగానా? పొట్ట మడత ఎక్కడ పడుతుందో తెలియాలి సార్. మడతలో పెడితే సంచి ఊడిపోతుంది."

"నేను ఇలాగే కూర్చుంటాను."

"ఉత్త మాట సిస్టర్" అంది నా భార్య. "ఇంట్ల ఎవ్వరు లేరనుకున్నప్పుడు ఒంగే కూసుంటరు. నేను చూస్త గద."

నర్సు పెన్ను మూత తీసి ఎదురు చూస్తోంది. నేను వీపు వదిలేశాను. పొట్ట మడత పడింది. నర్సు ఆ మడతకు దూరంగా, పంచె ముడికి కిందుగా ఒక చుక్క పెట్టింది.